శీనమ్మ ఎవరి పక్క

శీనమ్మ మా చదువు తరగతికి వచ్చిన రోజు, పలకలు పట్టుకుని కూర్చున్న ఇరవై మంది ఆడవాళ్ళలో ఆరుగురు లేచి వెళ్ళిపోయారు.

తొంభై రెండు ఎండాకాలం అది. ఉదయగిరి కొండ కింద మా గట్టుకిందపల్లెలో, బడి వరండాలో, పొద్దు గుంకే వేళ నేను పెద్దవాళ్ళకు అక్షరాలు చెప్పేదాన్ని. ఇంటరు తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను వాలంటీరును చేశారు. నా పేరు సుజన. వెళ్ళిపోతున్నవాళ్ళు "కొజ్జా పక్కన కూర్చుని చదువుకునే ఖర్మ మాకెందుకు" అని గట్టిగానే అన్నారు. శీనమ్మ వినిపించుకోనట్టు స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

"ముందు నా పేరు రాసేది నేర్పించు. కడమది తర్వాత చూస్తాం" అంది నాతో.

ఆమె పరాయి మనిషి కాదు. మా ఊళ్ళో గొర్రెలు మేపే కామయ్య పెద్ద కొడుకు శీనయ్యే ఆమె. పదిహేడో ఏట చెల్లెలి కోక కట్టుకుని గొర్రెల దొడ్లో కూర్చుని ఉంటే తండ్రి చూశాడు. తాగి ఉన్నాడు. చేతిలో కట్టెతో వీపు చిట్లేదాకా కొట్టి ఊరి పొలిమేర దాకా తరిమాడు. శీనయ్య పేరులో అయ్యను తీసేసి అమ్మను పెట్టుకుని, ఆత్మకూరులో మస్తానమ్మ ఇంట్లో చేరింది. మస్తానమ్మ ఆ చుట్టుపక్కల హిజ్రాలకు గురువు. ఆ ఇంట్లో ఏడుగురు శిష్యులుండేవాళ్ళు. అందరూ ఆమెను అమ్మా అనే పిలిచేవాళ్ళు. ఆమె మాట దాటేవాళ్ళు లేరు.

ఆ ఇల్లు ఎట్లా బతికిందో చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. బజారులో అంగళ్ళ ముందు చెయ్యి చాపేవాళ్ళు. బిడ్డ పుట్టిన ఇళ్ళకు పోయి దీవించేవాళ్ళు. అవి ఒకరోజు ఉంటే ఒకరోజు లేవు. ఎప్పుడూ తప్పనిది మాత్రం సారా కాంట్రాక్టరు దయ. పండగకు కోకలు ఆయనే. జబ్బు చేస్తే మందులు ఆయనే. పోలీసులు పట్టుకుపోతే విడిపించేదీ ఆయనే. అందుకు బదులు, ఓట్ల కాలంలో ఆయన ఏ పార్టీ జీపు ఎక్కమంటే ఆ జీపు ఎక్కి ఆడాలి. ఒకసారి ఒక జెండా, ఇంకోసారి ఇంకో జెండా. శీనమ్మ పదమూడేళ్ళు అట్లా ఆడింది. ఆ జెండాల కింద గుడ్డ మీద ఏం రాసి ఉందో చదవడం ఆమెకు రాదు. "మేము ఆడేది చూడనీకి జనం వస్తారు. వచ్చినోళ్ళకు వాడు మాటలు చెప్తాడు. మమ్మల్ని ఓటు ఎవరికేస్తారని అడిగినోడు ఒక్కడు లేడు" అని నాతో అంది ఒకసారి.

ఊరికి ఆమె తిరిగొచ్చింది చెల్లెలు చెంచులక్ష్మి కోసం. చెంచులక్ష్మిని మా ఊళ్ళోనే తిరుపాలుకిచ్చారు. వాడు సారా తాగొచ్చి కొట్టిన దెబ్బకు ఆమె ఎడమ చెవి పూర్తిగా వినపడకుండా పోయింది. కబురు తెలిసి శీనమ్మ బస్సెక్కి వచ్చింది. చెల్లెలి అత్త తలవాకిట్లో అడ్డం నిలబడి దొడ్డివైపు చూపించింది. శీనమ్మ దొడ్డిదోవన పోయి, గడ్డివాము పక్కన కొట్టంలో దిగింది. వారం రోజులని వచ్చిన మనిషి ఆర్నెల్లు ఉండిపోయింది.

కలిగిరి వైపు ఊళ్ళలో ఆడవాళ్ళు సారా అంగళ్ళు మూయిస్తున్నారని బస్సు కండక్టర్లు చెప్పడం మొదలైంది ఆ రోజుల్లోనే. మా తరగతిలో పలకలు పక్కన పెట్టి అదే మాట్లాడుకునేవాళ్ళు. మా అమ్మ రెబెకమ్మ అందరికీ ముందుండేది. కూలికి పోయే మనిషే అయినా క్రైస్తవ పాళెంలో ఇంటింటి ప్రార్థనలు ఆమే నడిపేది. మా నాయన సారాతోనే పోయాడు. ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

గోవిందయ్య సారా అంగడి ముందు మూడు రోజులు కూర్చున్నారు. ఏం లాభం లేదు. అంగడి మూసినట్టే మూసి, వెనక సందులోంచి ప్యాకెట్లు అమ్మాడు. నాలుగో రోజు శీనమ్మ నోరు తెరిచింది.

"మీరు అంగడి ముందర కూర్చుంటే వానికేం? సరుకు అంగట్లో ఉండదు. మంగళవారం, శుక్రవారం పొద్దున పదకొండుకు జీపు వస్తాది. రోడ్డు మీద రాదు. వాగులో నుంచి వస్తాది. ఇసకలో మెల్లగా రావాల. ఆడ కూర్చోండి."

"నీకెట్లా తెలుసు?" అంది మా అమ్మ.

"ఆ జీపులోనే కదక్కా నేను ఓట్లకు ఆడింది. డ్రైవరు నాకు అన్నీ చెప్పేవాడు."

శుక్రవారం ఎనభై మంది ఆడవాళ్ళం వాగులో కూర్చున్నాం. జీపు వచ్చింది. ముందు హారన్ కొట్టారు. తర్వాత నలుగురు మగవాళ్ళు కర్రలు తీసుకుని దిగారు. మా వెనకనుంచి సుబ్బరత్నమ్మ, మంచి మోతుబరి ఇంటి మనిషి, శీనమ్మ భుజం పొడిచి చెప్పింది: "నువ్వు పొయ్యి కోక ఎత్తు. దెబ్బకు పారిపోతారు."

కొందరు నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

శీనమ్మ వెనక్కి తిరిగింది. "నా ఒళ్ళు చూపించనీకి రాలేదు నేను. మీ మాదిరే కూర్చోనీకి వచ్చినాను. మీకు భయమైతే మీ కోకలు ఎత్తుకోండి" అంది.

ఆమె లేచి నడిచిపోయి జీపు ముందు కమ్మీలు రెండు చేతులతో పట్టుకుంది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది కుడి మణికట్టు మీద. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. చెయ్యి వదలలేదు. అప్పుడు చెంచులక్ష్మి పరుగెత్తింది. ఆమె వెనక మా అమ్మ, మా అమ్మ వెనక అందరం. ప్యాకెట్లన్నీ ఇసకలో పోసి కాళ్ళతో తొక్కాం. ఆ వాసన మూడు రోజులు వాగును పట్టుకుని ఉంది.

మస్తానమ్మ వచ్చింది తర్వాతి వారం. నేను కొట్టంలో శీనమ్మకు ఎడమచేత్తో రాయడం నేర్పిస్తున్నాను. కుడిచేతికి బద్దలు కట్టి ఉన్నారు. మస్తానమ్మ ఇద్దరు శిష్యులను వెంటబెట్టుకుని దొడ్డివైపు నుంచే వచ్చింది. యాభై దాటిన మనిషి, నుదుటి మీద పెద్ద బొట్టు. ఆ విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నిమిరింది. తర్వాత మొదలుపెట్టింది.

"పద. ఇంటికి పోదాం. కాంట్రాక్టరుతో నేను మాట్లాడినాను. నువ్వు వచ్చి ఒక మాట చెప్తే చాలంట. బుద్ధి లేక చేసినానని."

"బుద్ధి ఉండే చేసినానమ్మా."

"ఏంది నువ్వు చేసింది? మనకు ఏ పక్కా లేదు మే. ఎవరు గెలిస్తే వాళ్ళ పక్క. అట్లా ఉన్నాం గాబట్టే ఇన్నేళ్ళు బతికినాం. ఈ ఆడోళ్ళు గెలిస్తే నీకేమొస్తాది? సారా కొట్టుకాడ తాగుబోతోడు మన చెయ్యి పట్టుకుంటాడు, నిజమే. కానీ రూపాయి ఇస్తాడు. ఈళ్ళు తలుపు తీస్తారా నీకు? నీ చెల్లెలింట్లోనే తలవాకిట్లోంచి రానీలేదే."

శీనమ్మ గోడ వైపు చూసింది. గోడ అవతల చెంచులక్ష్మి ఉందని మా ఇద్దరికీ తెలుసు. చెవిటి చెవి ఇటువైపు ఉందో మంచి చెవి ఉందో తెలియదు.

"రానీలేదు," అంది శీనమ్మ. "రేపు కూడా రానీరేమో. అయినా నా చెల్లెలి చెవి పోయింది దాని మొగుడు తాగిన సారాతోనే. నా వీపు పగిలిందీ దాంతోనే. మనకు పండక్కి కోకొచ్చిందీ దాంతోనే. ఆ కోక నేనింక కట్టుకోలేనమ్మా."

"అయితే నువ్వు నా ఇంటి మనిషివి కాదు. ఈ పొద్దు నుంచి మనవాళ్ళు ఎవరూ నీకు మంచినీళ్ళు కూడా ఇయ్యరు."

మస్తానమ్మ లేచింది. వాకిలి దాటేటప్పుడు కొంగుతో మొహం తుడుచుకుంది. నాకు ఆమె మీద ఒళ్ళు మండింది. కాంట్రాక్టరుకు అమ్ముడుపోయిన మనిషి అనుకున్నాను. మేము ఆమె కంటే ఎంత మంచివాళ్ళమో నాలుగు నెలల్లోనే తేలింది.

గోవిందయ్య అంగడి మూసేశాడు. మా ఊరి పేరు చుట్టుపక్కల పాకింది. ఆత్మకూరులో పెద్ద సభ పెడుతున్నామని, ఊరూరి నుంచి పోరాడిన ఆడవాళ్ళకు శాలువలు కప్పుతామని దయాసాగర్ సారు కబురు పంపాడు. ఆయన నెల్లూరులో లెక్చరరు. ఊరూరా పెట్టుకున్న మా సారా వ్యతిరేక కమిటీలన్నిటికీ పెద్ద. మా ఇంటికే వచ్చి, మంచం మీద కూర్చుని, పన్నెండు పేర్లు రాయమన్నాడు. నేను రాశాను. మొదటి పేరు శీనమ్మ.

ఆయన చదివి కళ్ళద్దాలు తీశాడు.

"సుజనా, పత్రికలవాళ్ళొస్తారమ్మా. కాంట్రాక్టర్లు ఇప్పటికే మనల్ని ఎగతాళి చేస్తా ఉండారు. ఈ ఒక్క ఫొటో చాలు వాళ్ళకు. ఉద్యమం నవ్వులపాలైపోతాది. ఆమె చేసింది నేను కాదనను. కానీ ఇది మహిళల జాబితా గదా."

నేను మా అమ్మ వైపు చూశాను. ఎనభై మందిని వాగులోకి నడిపించిన మనిషి, దేవునికి తప్ప ఎవరికీ భయపడనని చెప్పే మనిషి, చాపలో ఈనెలు లాగుతూ కూర్చుంది. తల ఎత్తలేదు.

నా చెయ్యి ఎవరూ పట్టుకుని రాయించలేదు. ఇంకో తెల్ల కాయితం తీసుకుని నేనే రాశాను. మొదటి పేరు రెబెకమ్మ. పన్నెండో పేరు, వాగులో కోక ఎత్తమన్న సుబ్బరత్నమ్మ.

సభ రోజు ఊరూరి పేర్ల కాయితాలన్నీ పందిరి గుంజలకు అతికించారు. శీనమ్మ మాతో బస్సులో రాలేదు. వేరే బస్సులో, తలలో కనకాంబరాలు పెట్టుకుని, ఉతికిన ఆకుపచ్చ కోక కట్టుకుని వచ్చింది. గుంజ దగ్గర ఆగింది. మా ఊరి కాయితం మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. నేను రొమ్ముకు బ్యాడ్జి పెట్టుకుని పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. పన్నెండు పేర్లు చదవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. మళ్ళీ పైనుంచి చదివింది. తన పేరు తప్పిపోయిందేమో, తనకే చదవడం రాలేదేమో అనుకుంది కాబోలు.

నా దగ్గరకు వచ్చింది. గొంతు పెంచలేదు.

"అక్షరాలు నేర్పించింది నువ్వే గదా. శ ఎట్లా రాస్తారు, దానికి గుడిదీర్ఘం ఎట్లా పెడతారు, నువ్వే చెప్పినావు. మర్చిపోయినావా?"

"సారు వద్దన్నాడు" అన్నాను.

"సారు వాగులో లేడు. నువ్వు ఉండావు."

అంతే. సభ మొదలయ్యేలోపే వెళ్ళిపోయింది. మా అమ్మ శాలువ కప్పించుకుని ఇంటికొచ్చి దాన్ని పెట్టెలో అడుగున పెట్టేసింది. కప్పుకోగా నేను చూడలేదు. అట్లా పెట్టేస్తే తప్పు చిన్నదవుతుందా అని ఆమెతో చాలాసార్లు గొడవపడ్డాను. నేను మాత్రం ఏం చేశానని.

శీనమ్మ ఊరు విడిచి, సోమశిల నుంచి వచ్చే చేపలు పట్టుకుని ఆత్మకూరు బస్టాండు వెనక అమ్మడం మొదలుపెట్టింది. మస్తానమ్మ ఇంటికి పోలేదు. రేకుల గది ఒకటి బాడుగకు తీసుకుంది. విరిగిన మణికట్టు వంకరగా అతుక్కుంది. ఎడమచేత్తోనే చేప కోసేది. ఆ మరుసటేడు సారా బందైంది. కాంట్రాక్టరు ఇంకో వ్యాపారంలోకి పోయాడు. మస్తానమ్మ ఇంటి వైపు తిరిగి చూడలేదు. ఆ ముసలామె మూడు నెలల పాటు పంతం పట్టి, ఒక పొద్దున వచ్చి చేపల గంప పక్కన కూర్చుంది. శీనమ్మ ఒక చేప కోసి, కడిగి, ఆమె చేతిలో పెట్టింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ రోజూ తగాదానే, రోజూ కలిసి కూర్చోవడమే.

తొంభై నాలుగు ఎన్నికల్లో ఆ ఇల్లు మొదటిసారి చీలింది. మస్తానమ్మ అధికారంలో ఉన్న పాతవాళ్ళ పక్కే ఉండాలంది. రజిని అనే చిన్న శిష్యురాలు, ఇంకో ఇద్దరు, మందు మొత్తం బందు చేస్తామన్న పార్టీకి పని చేస్తామన్నారు. ఎవరూ డబ్బిచ్చి పిలవలేదు, వాళ్ళంతట వాళ్ళే పోయారు. గురువు మాట కాదని ఆ ఇంట్లో ఓటు వేయడం అదే మొదలు. రెండు పక్కలవాళ్ళూ వచ్చి శీనమ్మను అడిగారు, నువ్వు ఎవరి పక్కని. "ఓట్ల కోసం చెప్పినాడు. ఓట్లయినాక ఏం చేస్తాడో చూసి చెప్తా" అంది. ఆ పార్టీ గెలిచి బ్రాందీ కూడా బందు చేసింది. రెండేళ్ళు గడిచి, తొంభై ఏడులో మళ్ళీ తెరిచారు. మా ఊళ్ళో గోవిందయ్యే కొత్త లైసెన్సుతో, కొత్త బోర్డుతో, అదే గదిలో బ్రాందీ అంగడి పెట్టాడు.

అప్పుడు శీనమ్మ అవసరం పడింది మాకు.

దయాసాగర్ సారు, మా అమ్మ, నేను చేపల గంప దగ్గరకు పోయాం. సారు పాత రోజుల గురించి, ఆమె ధైర్యం గురించి చాలా మంచి మాటలు చెప్పి, అంగడి పక్కన టెంటు వేస్తున్నాం, వచ్చి కూర్చోమన్నాడు. శీనమ్మ చేప పొలుసు గీకుతూనే ఉంది. ఆయన ఆగినాక అడిగింది.

"ఆ పొద్దు నా పేరు ఎందుకు తీసేసినారో చెప్పండి సారూ. నా మొహం చూసి చెప్పండి."

"ఇప్పుడవన్నీ ఎందుకమ్మా. ఉద్యమం ముఖ్యం."

"నేను ఉద్యమంలో లేనా?"

సారు ఏదో వివరించబోయాడు. మా అమ్మ అడ్డుపడింది.

"సిగ్గుపడినాం శీనమ్మా. నీ పక్కన నిలబడితే మమ్మల్ని కూడా నవ్వుతారని. అంతకు మించి ఏం లేదు."

శీనమ్మ కత్తి కింద పెట్టింది. "ఐదేళ్ళు పట్టిందా అక్కా ఆ ముక్క చెప్పనీకి? చెప్పినావు, బాగుండాది. నేను మాత్రం మీ టెంటులోకి రాను."

పక్కన వక్కాకు నములుతున్న మస్తానమ్మ నవ్వింది. "నేను ఆ పొద్దే చెప్పలా?"

శీనమ్మ చర్రున అటు తిరిగింది. "నువ్వు మాట్లాడొద్దమ్మా. ఈళ్ళు నన్ను వద్దన్నారని చెప్పి నీ కాంట్రాక్టరు మంచోడైపోడు. ఈళ్ళది తప్పు. నీదీ తప్పే. మీరిద్దరూ కలిసి నన్ను ఒక మూలకు నెట్టి, ఆ పక్కా ఈ పక్కా అంటా ఉండారు. నా పక్క ఒకటి ఉండాది. అది నేనే చూసుకుంటా."

ఎలా చూసుకుందో మరుసటి సోమవారం తెలిసింది. గోవిందయ్య అంగడికి ఎడమవైపు మా కమిటీ టెంటు వేసింది. మైకు, బ్యానరు, నలభై మంది. తొమ్మిది గంటల బస్సులో శీనమ్మ, రజిని, ఇంకొకామె దిగారు. మా టెంటు వైపు చూడలేదు. రోడ్డుకు అవతలి పక్క, వేపచెట్టు కింద గోనెసంచి పరుచుకుని కూర్చున్నారు. తాగడానికి వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి తలవంచుకుని పోయేవాళ్ళు. శీనమ్మవాళ్ళను చూసి మాత్రం ఈలలు వేశారు, బూతులు మాట్లాడారు. మా మైకులో దయాసాగర్ సారు తల్లుల గురించి, అక్కచెల్లెళ్ళ గురించి ఉపన్యాసం ఇస్తున్నాడు. రోడ్డు అవతలి వాళ్ళ మీద పడుతున్న బూతులను ఆపమని ఒక్క మాట అనలేదు.

రెండో రోజు పొద్దున నేను బ్యాడ్జి తీసేసి రోడ్డు దాటాను. శీనమ్మ నన్ను చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. చెట్టు నీడ ముగ్గురికి సరిపోయేంతే ఉంది. ఆమె జరగలేదు. నేను ఎండలో కూర్చున్నాను. ఆ ఎండ నాకు న్యాయంగానే తోచింది.

మూడో రోజు కమిటీ టెంటు పీకేసింది. పైవాళ్ళతో మాట్లాడతామని సారు చెప్పి వెళ్ళాడు. ఐదో రోజు ఎవరో విసిరిన రాయి రజిని నుదుటికి తగిలింది. ఆత్మకూరు తీసుకుపోయి కుట్లు వేయించుకొచ్చాం. మరునాడు కట్టుతోనే వచ్చి కూర్చుంది. ఆ రోజు మా అమ్మ కూడా వచ్చి, నాలాగే ఎండలో కూర్చుంది. గోవిందయ్య స్వయంగా వచ్చాడు.

"నీకేం కావాల శీనమ్మా?"

"అంగడి మూతపడాల."

"గవర్నమెంటు లైసెన్సు ఉండాది నాకు."

"ఉంటే ఉండనీ. నాకు కోపం ఉండాది."

తొమ్మిదో రోజు అతను సామాను ఎద్దుబండిలో వేసుకుని, రెండు మైళ్ళ అవతల మర్రిపాడు రోడ్డు మీద లారీలు ఆగేచోటుకు మార్చాడు. ఊళ్ళో మగపిల్లలు టపాకాయలు తెచ్చారు, గెలిచామని. శీనమ్మ వాళ్ళను ఆపింది. "ఆడ మాత్రం ఆడోళ్ళు లేరా?" అని, గోనెసంచి దులిపి మడిచి బస్సెక్కింది.

శనివారం చేపలకు గిరాకీ ఉండదు. అందుకని శనివారం శనివారం శీనమ్మ, రజిని ఆ లారీల స్టాపు దగ్గరకు వచ్చి, అంగడికి ఎదురుగా రాళ్ళ మీద కూర్చుంటారు. నేనూ మా అమ్మా పోతాం. రెండేళ్ళవుతోంది. అంగడి తెరిచే ఉంది. శీనమ్మ నన్ను క్షమించానని ఎప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు. ఒక్కోసారి మస్తానమ్మ కూడా వస్తుంది. బస్సు దిగి, మీ వల్ల ఏమీ కాదని మమ్మల్ని నలుగురినీ వరసగా తిట్టి, మధ్యాహ్నం దాకా మాతోనే కూర్చుని పోతుంది.